తక్కెడ ఎక్కని చెత్త

పొద్దున్న పదిన్నర, పదకొండు మధ్య కాలనీలోకి ట్రాలీ ఆటో ఒకటి వస్తుంది. మనిషి కంటే ముందు మైకు వస్తుంది. పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు, పాత పేపర్లు, అట్టపెట్టెలు, పాడైన కూలర్లు, ఫ్రిజ్‌లు, బ్యాటరీలు కొంటామంటూ రికార్డు చేసిన గొంతు తిరిగిందే తిరుగుతుంటుంది. ఒకప్పుడు సైకిల్ మీద వచ్చి, ఇనప ముక్కలకు ఉల్లిపాయలో బఠానీలో కొలిచి పోసిన మనిషికి వారసుడే ఇతను. గేటు దగ్గర ఆపి ఇంట్లో పేరుకున్నదంతా ముందు పోస్తే నిమిషంలో రెండు కుప్పలు చేస్తాడు. ఒకటి తక్కెడ ఎక్కుతుంది. రెండోదాన్ని కాలితో పక్కకు జరిపి, "ఇవి పోవమ్మా" అంటాడు.

మన ఇంట్లో అసలైన చెత్త ఏదో తెలియాలంటే ఆ రెండో కుప్పలోకి తొంగి చూడాలి.

తక్కెడ ఎక్కేవి అందరికీ తెలిసినవే. దినపత్రికలు, పాత పుస్తకాలు, అట్టపెట్టెలు, ఇనుము, ఇత్తడి, రాగి తీగ, అల్యూమినియం గిన్నెలు, కూల్‌డ్రింకు డబ్బాలు, నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, విరిగిన బకెట్లు, కాళ్లు పోయిన ప్లాస్టిక్ కుర్చీలు, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు. వీటి విషయంలో మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఏ ప్రభుత్వ పథకమూ లేని రోజుల్నుంచీ ఈ సరుకు ఇంటి నుంచి పాత సామాన్ల కొట్టుకు, అక్కణ్నుంచి పెద్ద గోదాముకు, గోదాము నుంచి కార్ఖానాకు నడుస్తూనే ఉంది. బీరు సీసాలైతే కరిగించే పని కూడా లేకుండా కడిగించుకుని మళ్లీ నిండుతాయి.

పక్కకు జరిపే కుప్పలో చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, టీవీ పెట్టెలోంచి వచ్చిన థర్మాకోల్, నూనె జిడ్డు పట్టిన పిజ్జా అట్టలు, పేపరు కప్పులు, కూర అంటుకున్న పల్చటి కవర్లు, ఏటీఎం చీటీలు, వాడేసిన టూత్‌బ్రష్షులు, పగిలిన పింగాణీ ఉంటాయి. ఇవన్నీ ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొన్నవే. వాటిని తిరిగి కొనేవాడు మాత్రం ఎవడూ లేడు.

కిలోకు ఎన్ని?

అతను వద్దనడం వెనక మొండితనం లేదు, లెక్క ఉంది. లీటరు నీళ్ల సీసా ఖాళీగా ఇరవై, పాతిక గ్రాములుంటుంది. నలభై, యాభై సీసాలు ఏరితే కిలో. అదే చిప్స్ ప్యాకెట్లయితే కొన్ని వందలు ఏరాలి. అన్నీ ఏరినా కొనేవాళ్లుండరు, ఎందుకంటే ఆ ప్యాకెట్ ఒక్క పదార్థంతో చేసింది కాదు. బయట రంగులు అచ్చువేసిన ఒక ప్లాస్టిక్ పొర, మధ్యలో మెరిసే అల్యూమినియం పూత, లోపల వేడికి అతుక్కునే ఇంకో ప్లాస్టిక్ పొర. గాలి, తేమ తగలకుండా చిప్స్‌ను నెలల తరబడి కరకరలాడించేది ఈ కలయికే. పొరల్ని విడదీయడానికయ్యే ఖర్చు వాటి విలువకు ఎన్నో రెట్లు. కాబట్టి విడదీయరు. పోగైనంత మేర సిమెంటు బట్టీలకు పంపి బొగ్గుతో పాటు కాలుస్తారు. నల్గొండ నుంచి పల్నాడు, కడప దాకా సున్నపురాయి నేలల్లో సిమెంటు కార్ఖానాలకు కొదవలేదు గనక మన దగ్గర ఆ దారి ఒకటుంది. దాన్ని రీసైక్లింగ్ అనడం మాత్రం మొహమాటమే.

ప్లాస్టిక్ డబ్బా అడుగున బాణాల త్రికోణం, అందులో అంకె చూసి చాలామంది ఇది రీసైకిల్ అవుతుందని నమ్ముతారు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం మొదలుపెట్టిన గుర్తు అది. ఒకటి నుంచి ఏడు వరకు ఉండే ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందంతే. 1 అంటే నీళ్ల సీసాల పెట్, 2 అంటే షాంపూ డబ్బాల గట్టి ప్లాస్టిక్, 4 అంటే పాల ప్యాకెట్ల మెత్తటి రకం, 5 అంటే టిఫిన్ డబ్బాలు. ఈ నాలుగూ మన వీధిలో అమ్ముడుపోతాయి. 6 నురగగా మారితే థర్మాకోల్. అందులో తొంభై పాళ్లకు పైగా గాలే. లారీ నిండా వేసినా బరువు తూగదు. 7 అంటే మిగతా అన్నీ, పొరలు కలిసినవి కూడా. అంకె చూడటం కంటే తక్కెడవాణ్ని అడగటం మేలు.

కాగితానికీ ఓ హద్దుంది. నానబెట్టి గుజ్జు చేసిన ప్రతిసారీ నారపోగు పొట్టిదైపోతుంది. అయిదారు జన్మలెత్తాక ఇక కాగితంగా నిలవదు. నూనె తగిలితే మొదటి జన్మలోనే ఆఖరు, గుజ్జు నుంచి నూనె విడిపోదు. టీ కొట్టు పేపరు కప్పు చూడటానికి కాగితమే గానీ లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది. వేడి ద్రవం పోసిన పావుగంటలో ఆ పూత నుంచి పాతిక వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు టీలోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చెప్పారు. పర్యావరణం కోసమని ప్లాస్టిక్ కప్పు మాని పేపరు కప్పు పట్టుకున్నవాళ్లకు ఇది చేదు కబురే.

గాజు, లోహాల దారి వేరు. వాటిని ఎన్నిసార్లు కరిగించినా గుణం పోదు. ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తీసేందుకయ్యే శక్తిలో ఇరవయ్యో వంతుతో పాత డబ్బాను కరిగించవచ్చు. ఇనుము కంటే దానికి కొన్ని రెట్లు ధర పలకడానికి అదొక కారణం. నీళ్ల సీసా మళ్లీ నీళ్ల సీసాగా పుట్టడం మన దగ్గర తక్కువ. ముక్కలై, దారమై, పాలియెస్టర్ గుడ్డగానో దిండులో దూదిగానో మారుతుంది. ఆ దిండు చిరిగిన రోజున కొనేవాడు మళ్లీ ఉండడు.

ఒక్క చెంచా సాంబారు

తక్కెడ ఎక్కాల్సినవి కూడా ఎక్కకుండా చేసే శత్రువు ఇంకోటుంది. అది వంటింట్లో ఉంటుంది. ఒకే డబ్బాలో పేపరు, అట్ట, సీసా వేసి, పైన మిగిలిన సాంబారు ఒంపితే ఆ డబ్బాలో ఇక అమ్మకానికి ఏమీ మిగలదు. తడిసిన పేపరు బూజు పడుతుంది, కవరుకు మెతుకులు అంటుకుంటాయి. చెత్త ఏరి బతికే మనిషి చేతులు అందులో పెట్టాలి. ఇంట్లో నుంచి బయటపడేటప్పుడు విలువున్న సరుకు, వీధి చివర మున్సిపాలిటీ ఆటోలోకి చేరేసరికి కుళ్లు.

మన నగరాల ఇళ్ల చెత్తలో బరువు ప్రకారం సగం, ఆ పైన తడి చెత్తే. దాన్ని ఒక్కదాన్నీ వేరుగా ఉంచగలిగితే మిగతా పనంతా తక్కెడవాడు, ఆటోవాడు, చెత్త వేరుచేసే కేంద్రాల్లో ఏరే ఆడవాళ్లు చేసుకుపోతారు. రీసైక్లింగ్ అనగానే మనవాళ్లు పొడి చెత్త గురించి మాట్లాడతారు గానీ, నా దృష్టిలో ఇంటివాళ్లు చేయాల్సిన పెద్ద పని తడి చెత్త దగ్గరే ఉంది.

అలా వేరు చేయని తడి చెత్త ఏమవుతుందో హైదరాబాద్ వాసులు చూడాలంటే జవహర్‌నగర్ దాకా వెళ్తే చాలు. నగరంలో రోజూ పోగయ్యే ఏడు వేల టన్నుల పైచిలుకు చెత్తకు గమ్యం అదే. ఏళ్ల తరబడి పేరుకున్న పాత గుట్ట 1.2 కోట్ల టన్నులని లెక్క. దాని మీద షీట్లు పరిచి, మట్టి పోసి కప్పేశారు. గాలి ఆడని లోతుల్లో అన్నం, కూరగాయల తొక్కలు కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కించే వాయువది. డంపింగ్ యార్డులు ఎండాకాలంలో వాటంతటవే అంటుకోవడానికీ అదే కారణం. చెత్తలోంచి కారే నల్లటి ఊట మల్కారం చెరువులోకి దిగి చుట్టుపక్కల భూగర్భ జలాన్ని పాడుచేసింది. ఆ ఊటను శుద్ధి చేయడానికి 2023లో ప్రత్యేక ప్లాంటు పెట్టాల్సి వచ్చింది. జవహర్‌నగర్‌లో 2020లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది, గుంటూరు, విశాఖల్లోనూ అలాంటివి ఉన్నాయి. కానీ తడి అరటి తొక్క మండదు. ముందు దానిలో నీళ్లు ఆవిరి చేయడానికే మంట ఖర్చవుతుంది.

తడి చెత్తకు తగిన పొయ్యి వేరే ఉంది. హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజూ మిగిలే పది టన్నుల వ్యర్థాన్ని తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు రూపొందించిన బయోగ్యాస్ ప్లాంటులో వేస్తే దాదాపు అయిదు వందల యూనిట్ల కరెంటు, వంటకు గ్యాసు వస్తున్నాయి. 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాని గురించి చెప్పాక దేశం దృష్టి అటు మళ్లింది. అది నడవడానికి ఒక కారణం, అక్కడ పోగయ్యేది అచ్చంగా కూరగాయలే కావడం. బ్లేడు ముక్కలూ డైపర్లూ కలిసిన చెత్తతో ఆ పని జరగదు.

డాబా మీద రెండు బకెట్లు

గొడ్డూ గోదా ఉన్న ఇంట్లో ఈ సమస్యే ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, ఊడ్చిన చెత్త పెరట్లో ఎరువు గుంటలోకి పోయేది. ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోవడంలో అర్థం లేదు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో గేదెను కట్టలేం. కానీ ఎరువు గుంట చేసే పనిని రెండు పాత బకెట్లు చేయగలవు.

బకెట్ అడుగున, పక్కలకు నాలుగైదు రంధ్రాలు పెట్టి, కింద ఓ పళ్లెం ఉంచాలి. అడుగున ఎండుటాకులు. దాని మీద ఆ రోజు తడి చెత్త, దాని మీద మళ్లీ గుప్పెడు ఎండుటాకులో కొబ్బరి పొట్టో రంపపు పొట్టో. నలుగురున్న ఇంట్లో రోజుకు అరకిలో నుంచి కిలో దాకా తడి చెత్త వస్తుంది. మొదట్లో పని అందుకోవడానికి కాస్త పుల్ల మజ్జిగ గానీ పేడ నీళ్లు గానీ చల్లితే చాలు, బజార్లో అమ్మే పొడులు కొనాల్సిన పని లేదు. రెండు మూడు రోజులకోసారి కలిపితే గాలి ఆడుతుంది. మొదటి బకెట్ నిండాక మూతపెట్టి రెండోది మొదలెడతాం. అది నిండేలోగా మొదటిదాంట్లో నల్లటి, వాన తడిసిన మట్టి వాసన వేసే ఎరువు తయారవుతుంది. మన వాతావరణంలో నెలన్నర, రెండు నెలలు. వేసిన బరువులో నాలుగో వంతో అయిదో వంతో మిగులుతుంది.

ఎక్కువమంది మానేసేది వాసన, పురుగుల దగ్గరే. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది అని అర్థం. ఇంకో రెండు గుప్పెళ్ల ఎండుటాకులు వేసి కలిపితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పిడికిట్లో పిండితే చేయి చెమ్మగిల్లాలి, నీళ్లు కారకూడదు. బూడిద రంగులో లావుగా, చురుగ్గా కదిలే పురుగులు కనబడితే చాలామంది బకెట్‌ను వీధిలో కుమ్మరిస్తారు. అవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఇంట్లో ముసిరే ఈగల్లా రోగాలు మోయవు, చెత్తను మన కంటే వేగంగా తినేస్తాయి. బల్లకూ ఉయ్యాలకూ దూరంగా డాబా మీద ఉంటే వాటి పని వాటిది.

మన వంటింటికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. మునక్కాడ పిప్పి, చింతపండు పిప్పి, కరివేపాకు రెబ్బలు హాయిగా కరుగుతాయి. ఊరగాయ అడుగున మిగిలిన నూనె, ఉప్పు మాత్రం వేయకూడదు, సూక్ష్మజీవులకు పడదు. మాంసం, ఎముకలు వేస్తే పిల్లులు, ఎలుకలు వస్తాయి. కొబ్బరి పీచు కరగడానికి ఏళ్లు పడుతుంది, అంట్లు తోమడానికి దాచుకోవడమే నయం. మామిడి టెంకలు వేసవి పొడవునా బకెట్‌ను ఆక్రమించేస్తాయి, కాబట్టి ఎండబెట్టి విడిగా ఇవ్వాలి. తాటి టెంకల సంగతి మన పల్లెలకు ఎప్పుడో తెలుసు. పండు రసం తీసిన టెంకల్ని మట్టిలో పాతరేసి, మూడు నాలుగు నెలల తర్వాత తేగలు తవ్వుకుని కాల్చుకుతింటారు. చెత్త నుంచి ఇంత రుచికరమైన వస్తువు చేసిన జాతి ప్రపంచంలో ఇంకోటి ఉందా అని నాకు అనుమానమే.

వేరు చేస్తే ఏం లాభం?

ఇంటివాళ్లు ఎక్కువగా వేసే ప్రశ్న ఇదే. మేం కష్టపడి వేరుగా ఇస్తే ఆటోలో మళ్లీ కలిపేస్తున్నారు కదా? చాలాచోట్ల నిజమే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీసి ఇవ్వాలన్నాయి. అయిదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను సాధ్యమైనంత మేర తమ ఆవరణలోనే మార్చుకోవాలన్నాయి. 2015–16లో హైదరాబాద్‌లో ఇంటికి రెండేసి డబ్బాలు పంచారు. 2021 అక్టోబరులో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో మూడు రంగుల బుట్టలిచ్చారు. వాటిలో ఎన్ని ఇప్పుడు బియ్యానికీ బాత్రూంలో నీళ్లకూ వాడుకలో ఉన్నాయో మీ ఇంట్లోనే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం కంటే దానితో వచ్చిన చెత్త పన్నే ఎక్కువ గుర్తుండిపోయింది. 2024 అక్టోబరు 2న ఆ పన్నును ఎత్తేస్తున్నట్లు మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు. డబ్బాలు పంచడం సులువు. ఆటోలో మధ్య అడ్డుపలక పెట్టి, కలిసిన చెత్తను తీసుకోనని చెప్పే అధికారం ఆటోవాడికి ఇవ్వడం కష్టం.

విడిగా తీసుకున్న చోట ఫలితం కనబడింది. ఇరవయ్యేళ్ల కిందటే సూర్యాపేట పట్టణం వీధుల్లో కుండీలు తీసేసి, ఇంటింటికీ వెళ్లి తడి, పొడి విడిగా తీసుకుని పేరు తెచ్చుకుంది. 2012 అక్టోబరులో వరంగల్‌లో శుభ్రతా పోటీ పెట్టి, ఇతర పట్టణాల మున్సిపల్ సిబ్బందిని రప్పించి వార్డుల్లో ఇదే నేర్పారు. బొబ్బిలి లాంటి చిన్న మున్సిపాలిటీ వానపాముల ఎరువుతో ఇతర ఊళ్లవాళ్లు చూసిపోయే స్థాయికి వెళ్లింది. వీటిలో ఎక్కడా కొత్త యంత్రం లేదు. రోజూ ఒకే మనిషి ఒకే వేళకు గడప దగ్గరికి రావడమే అసలు ఏర్పాటు. ఓ అపార్ట్‌మెంట్‌లోని పాతిక కుటుంబాలు కలిసి, కలిపేస్తున్నారని ఫిర్యాదు చేస్తే ఆ ఒక్క ఆటోకైనా అడ్డుపలక పడుతుంది.

అడ్డుపలక లేకపోయినా వేరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాటిని ముట్టుకునేది ఇంకొకరి చేయి. మధుమేహం ఇంటింటా ఉంది, ఇన్సులిన్ సూదులూ అంతే. వాటిని ఖాళీ షాంపూ డబ్బా లాంటి గట్టి దాంట్లో వేసి, మూత బిగించి, పైన రాసి ఇవ్వాలి. పగిలిన గాజు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి. పాదరసం ఉండే పాత ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు పగలగొట్టకూడదు. పుణెలో చెత్త సేకరించే ఆడవాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్', శానిటరీ ప్యాడ్లను పేపర్లో చుట్టి ఎర్ర చుక్క పెట్టి ఇమ్మని ప్రచారం చేసింది. విప్పి చూడకుండానే అందులో ఏముందో తెలియడానికి ఆ చుక్క. మన ఇళ్లలో ఎర్ర స్కెచ్ పెన్ లేని ఇల్లుండదు.

కొట్టు దగ్గరే తేలాల్సిన లెక్క

తక్కెడ ఎక్కని కుప్పను తగ్గించే చోటు చెత్తడబ్బా కానే కాదు, కొట్టు. రెండు రూపాయల సాచెట్ల దండకు బదులు పెద్ద డబ్బా కొంటే అది కనీసం అమ్ముడుపోతుంది. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించేస్తే ఆ చిన్న ముక్క ఏ తక్కెడకీ అందదు, మురుగు కాలవకు అందుతుంది. ముక్క ఊడకుండా గాటు పెట్టి, ప్యాకెట్ కడిగి ఆరేస్తే మొత్తం తూకానికి వస్తుంది. ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలే వాటి సేకరణ బాధ్యత మోయాలని కేంద్రం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చింది. ఆ జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాల లాంటివి నిషేధించింది. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల లోపు సంచులూ ఉండకూడదంది. మీ వీధి కూరగాయల బండి మీద నల్ల కవర్ల కట్ట ఇంకా వేలాడుతుంటే, మీ చేతిలో గుడ్డసంచి ఉందా అన్నది ముందు చూసుకోవాలి. రీసైకిల్ చేయండంటూ ఇంటివాళ్లకు సుద్దులు చెప్పే కంపెనీ, తన ప్యాకెట్‌ను ఒకే పదార్థంతో ఎందుకు చేయదో మాత్రం చెప్పదు.

కర్రీ పాయింట్లు వచ్చాక ఇంటి చెత్త తీరే మారిపోయింది. సలసలకాగే పప్పుచారును పల్చటి కవర్లో పోసి, గాలి ఊది, రబ్బరు బ్యాండుతో మెలిపెట్టి ఇస్తారు. ఇద్దరున్న ఇంట్లో పూటకు నాలుగు కవర్లు. జిడ్డు వదలదు గనక ఏ ఒక్కటీ అమ్ముడుపోదు. అటకెక్కిన మూడు గిన్నెల క్యారియర్ దింపి తీసుకెళ్తే కొట్టువాళ్లు వద్దనరు, కవరు ఖర్చు వాళ్లకూ మిగులుతుంది. రెండో రోజు నుంచి గరిటె కాస్త ఎక్కువే వేస్తారు.

ఇక పెళ్లిళ్లు. వెయ్యిమంది భోజనం చేసే చోట అరగుక్కెడు తాగి వదిలేసిన చిన్న నీళ్ల సీసాలు, ఆకు బొమ్మ వేసిన ప్లాస్టిక్ పూత విస్తళ్లు, ఐస్‌క్రీం కప్పులు, వాటితో కలిసిపోయిన అన్నం. ఓ కుటుంబం ఏడాదంతా డాబా మీద బకెట్లతో మిగిల్చింది ఒక్క పూటలో పోతుంది. సిద్దిపేట జిల్లాలో ఊళ్లకు స్టీల్ బ్యాంకులు పెట్టి దీనికో దారి చూపారు. పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు ఊరి ఉమ్మడి ఆస్తి. శుభకార్యానికి తీసుకెళ్లి, కడిగి తిరిగిస్తారు. నగరంలో ఆ పని క్యాటరింగ్ వాళ్లు చేయగలరు, చాలామంది దగ్గర స్టీలు సామాను ఉంటుంది కూడా. గ్లాసులు కడిగే ఇద్దరు మనుషుల కూలి అదనంగా అడుగుతారు. దానికి ఎదురుగా సీసాల బిల్లు పెట్టి చూసుకోవచ్చు. ఈ మాట మెనూ మాట్లాడుకునే రోజునే కదపాలి. పెళ్లికి రెండు రోజుల ముందు అడిగితే, అప్పటికే సీసాల పెట్టెలు ఫంక్షన్ హాల్లో దిగి ఉంటాయి.